ఖాళీ బండిలో చల్లగాలి

వెనక చక్రం మీద తడిగుడ్డను చివరిసారి తిప్పి, డ్రైవర్ బ్రహ్మచారి దాన్ని బకెట్లో పిండాడు. మట్టినీళ్లేమీ దిగలేదు. నిన్న తుడిచిన కారే. మొన్నా తుడిచిందే. మల్కాజ్‌గిరిలోని ఈ ఇంటి గేటు దాటి అది రోడ్డెక్కి నెలలు గడిచాయి. అయినా రోజూ పొద్దున బన్సీలాల్‌పేట నుంచి బస్సులో వచ్చి ముందు కప్పు, తర్వాత అద్దాలు, ఆ తర్వాత తలుపులు, చివర చక్రాలు తుడుస్తాడు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఎడమ మోకాలు మొరాయిస్తుంది. అందుకని ముక్కాలిపీట వేసుకుని, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే పీటతో సహా ఒక చక్రం దగ్గర నుంచి ఇంకో చక్రం దగ్గరికి జరుగుతాడు.

గుడ్డ షెడ్డు తీగ మీద ఆరేసి, నాలుగు అద్దాలూ దించి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. గేటు దాకా ముందుకు, గోడ దాకా వెనక్కి. బ్యాటరీ చావకుండా, టైర్లు ఒకేచోట నలిగిపోకుండా. ఆ కాస్త దూరంలోనే రేకుల కింది వేడికి చొక్కా వీపుకు అతుక్కుంది. అతని కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే బాగా నలుపు. దించిన అద్దం మీద మోచెయ్యి ఆనించి బండి నడిపిన ఏళ్లన్నీ ఆ చేతిమీదే పేరుకున్నాయి. మెడకు కూడా కుడివైపునే ముడతలెక్కువ. భార్య బాలమ్మ అతనికి తలకు నూనె రాసేటప్పుడు "సగం మనిషివి మాడిపోయినవ్, సగం మిగిలినవ్" అని నవ్వుతుంది.

ఈ రోజు మాత్రం తుడిచిన కారు ఊరికే ఉండేది కాదు. బేగంపేటకు పోవాలి.

ఈ ఇంటావిడ మేబెల్ టీచరమ్మకు నిన్న మధ్యాహ్నం ఒక కబురు అందింది. ఆమెతో పాటు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పిన ఎలీసబెతు బేగంపేట ఇల్లు ఖాళీ చేస్తోంది. చెల్లెలి కొడుకు వచ్చి రేపు ఉదయం విశాఖపట్నం రైలెక్కించి తీసుకుపోతున్నాడు. ఇక తిరిగి రావడం ఉండదు. ఫోన్‌లో మాట్లాడుకుందామంటే ఎలీసబెతుకు చెవులు పూర్తిగా పోయాయి. రెండు వేసవులుగా ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకుంటే ఈ రోజే చూసుకోవాలి.

మేబెల్ గుండె బలహీనమైంది. ఎండ తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మొన్న బ్రహ్మచారి ఇంటికి వెళ్లిపోయాక ఆస్పత్రికి అద్దె క్యాబులో పోతే ఆ డ్రైవరు ఏసీ వెయ్యమన్నందుకు దారంతా సణుగుతూనే ఉన్నాడు. పైగా ఆ సీటు ఎత్తు. ఆమెను ఎలా కూర్చోబెట్టాలో బ్రహ్మచారికి తెలుసు: ముందు వీపు సీటుకు తిప్పి, నెమ్మదిగా కూర్చోనిచ్చి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. కాబట్టి సొంత కారే. నిన్న ఆమె చెప్పగానే అతను పోయి ఏసీ మీట నొక్కి చూశాడు. లోపల్నుంచి వంటింటి గాలి లాంటి గాలి వచ్చింది.

రాత్రంతా ఆ వేడిగాలి గురించే ఆలోచించి, తెల్లారగానే తిరుమల్‌కు ఫోన్ చేశాడు. ఇళ్లకే వచ్చి కారు ఏసీలు బాగుచేసే మనిషి అతను.

తిరుమల్ వచ్చేసరికి ఎండ గేటు దాటి షెడ్డు అంచు దాకా పాకింది. స్కూటర్ ముందు భాగంలో గ్యాస్ బండ, వెనక సీటుకు తాడుతో కట్టిన మోటారు, భుజాన వేలాడే సంచిలో ఎర్రదీ నీలందీ రెండు రబ్బరు గొట్టాలు. దిగుతూనే హెల్మెట్ తీసి, చెమటను మోచేత్తో తుడుచుకున్నాడు.

"కాకా, బానెట్ లేపు. నీ టీచరమ్మ ఎన్నింటికి పోవాలె?"

"మధ్యాన్నం తిండి ఆడనే. జెర జల్ది చెయ్ బిడ్డా."

"అందరికీ జల్దినే. ఏప్రిల్‌ల ఒక్కడు ఫోన్ చెయ్యడు. మే వచ్చినంక పొయ్యిల పడ్డట్టు ఒర్లుతరు."

గొట్టాలు రెండింటినీ బానెట్ కింద బిగించి, వాటి మధ్య ఉన్న గుండ్రటి మీటర్లను ఎత్తిన బానెట్ కొక్కేనికి తగిలించాడు. ముళ్లు కిందికే వాలి ఉన్నాయి. వేలితో మీటరు మీద తట్టాడు. కదల్లేదు.

"సూడు కాకా. గ్యాస్ అస్సల్ లేదు. గీ ఏసీ ఎన్ని దినాలకోసారి ఏస్తవ్?"

"అమ్మ ఎక్కితే ఏస్త."

"అమ్మ ఎప్పుడెక్కింది?"

బ్రహ్మచారి ఆలోచించాడు. "పోయిన చలికాలం చర్చికి పోయింది. చలికాలం ఏసీ ఎందుకు?"

"మరి రోజు బండి చాలు చేస్తవ్ గద?"

"చేస్త. ఏసీ ఎందుకేస్త? లోపట ఎవరుంటరని?"

"నువ్వుంటవ్ కదనే!"

"నేనుంటే ఏంది?" అన్నాడు బ్రహ్మచారి. వెటకారంగా అనలేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

తిరుమల్ ఒక క్షణం అతనికేసి చూసి, ఇంజన్ మీదికి వంగాడు. చిన్న టార్చి వేసి, బెల్టు తిరిగే చోట ఒక గుండ్రటి ఇనప దిమ్మను చూపించాడు. దాని చుట్టూ నూనె ఊరి, ఆ నూనెకు దుమ్ము పట్టి, దోసె పెనం అంచున పేరుకున్న మడ్డిలా నల్లగా గట్టిపడింది. రోజూ తుడిచే కారులో తను తుడవని చోటు అదొక్కటే.

"గిదే కంప్రెసర్, ఏసీని నడిపించేది. దీని లోపట రబ్బరు సీలు ఉంటది. ఏసీ నడిస్తెనే నూనె తిరుగుతది. నూనె తిరిగితెనే సీలు తడి ఉంటది. ఎండిపోయి పలిగింది, గ్యాసంత పోయింది. వారానికోసారి ఓ పది నిమిషాలు ఏసినా బతికేది." తల పైకెత్తి నవ్వాడు. "నువ్వు కాపాడి కాపాడి ఖరాబ్ చేసినవ్ కాకా."

బ్రహ్మచారి నవ్వలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఇయ్యాల పోతదా, పోదా? గది చెప్పు."

"పోతది. సీలు మార్చాలంటె దుకాన్ల రెండు దినాలు పడ్తది. ఇప్పటికైతే గ్యాస్ కొడ్త. మెల్లమెల్లగ కారుతది గని, బేగంపేట పోయి వస్తది. వానల దాకా ఆగినా ఆగుతది."

మోటారు తగిలించాడు. అది గొట్టాల్లోని గాలిని పీల్చేస్తూ తాటాకు మీద వానలాగా ఒకే మోతతో కొట్టుకోసాగింది. అది ఆగేదాకా చేసేదేమీ లేదు. తిరుమల్ గేటు పక్కన నీడలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. బ్రహ్మచారి పీట మీదే ఉండి ఆ నల్లటి మడ్డికేసి చూస్తున్నాడు.

వాళ్ల నాన్న వడ్రంగి. బన్సీలాల్‌పేటలో తలుపులు చేసేవాడు. చేసిన తలుపు అవతలివాళ్ల గుమ్మానికి ఎక్కించాక, మళ్లీ ఆ గుమ్మంలోంచి లోపలికి పోయేవాడు కాదు. అది వాళ్ల తలుపు. బ్రహ్మచారికి చెక్కపని అబ్బలేదు. సోడా కంపెనీ వ్యానుతో మొదలుపెట్టి, పెళ్లిళ్ల బస్సు నడిపి, చివరికి మేబెల్ భర్త పాల్ సారు దగ్గర కుదిరాడు. పాల్ సారు రైల్వేలో ఆఫీసరు. కుదిరిన కొత్తలో ఒక మధ్యాహ్నం బేగంపేట హోటల్లో పెళ్లికి పోయారు. బయట ఎండ పేలిపోతోంది. పక్క కార్ల డ్రైవర్లందరూ అద్దాలు ఎక్కించి, ఏసీలు వేసుకుని నిద్రపోతున్నారు. తనూ వేసుకున్నాడు. అంత చల్లటి నిద్ర అతను అంతకుముందు పోలేదు.

కళ్లు తెరిచేసరికి పాల్ సారు కారు పక్కనే ఎండలో నిలబడి ఉన్నాడు. కోటు మడిచి చేతిమీద వేసుకుని, తలమీద జేబురుమాలు కప్పుకుని. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అద్దం మీద కొట్టలేదు. "లేచావా? అయితే పోదాం" అన్నాడు, అంతే. టీచరమ్మ కూడా వచ్చి ఎక్కాక, ఇంటి దాకా సారు వీపు తడిసి సీటుకు అంటుకునే ఉంది. ఆ మాట సారు ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే అది అక్కడితో తీరిపోయేది.

అప్పటి నుంచి ఫంక్షన్ హాళ్ల ముందు, ఆస్పత్రుల ముందు, ఎండలో గంటలకొద్దీ అద్దాలు దించుకుని కూర్చున్నాడు. తోటి డ్రైవర్లు ఎగతాళి చేశారు. సారు పోయాక కూడా అంతే. కారుకు ఎక్కడికీ పోయే పని లేకపోయినా టీచరమ్మ అతన్ని మానిపించలేదు. తను ఎందుకు ఉన్నాడో అతనూ అడగలేదు. రోజూ తుడవడమూ, రవ్వంత కూడా వాడుకోకుండా ఆ చల్లదనాన్ని ఆమె కోసం అలాగే ఉంచడమూ, అదే తన పని అనుకున్నాడు. అలా ఉంచిందే కారిపోయింది.

లోపల్నుంచి కాంతమణి కేక వేసింది. టీచరమ్మకు వంట చేసిపెట్టి, పక్కన ఉండే మనిషి.

"అన్నా! అమ్మ అడుగుతుంది. అయిందా, కాలేదా అని!"

బ్రహ్మచారి చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

మేబెల్ కిటికీ పక్క పేము కుర్చీలో కూర్చుని ఉంది. ఇంకా ఇంటి చీరే. వాచిన పాదాలు స్టూలు మీద ఉన్నాయి. తలుపు పక్కన నిలబడ్డ అతన్ని చూసి కళ్లద్దాలు పైకి తోసుకుంది. రెండు ముక్కలు మాట్లాడితే ఆగి ఊపిరి పీల్చుకోవలసి వస్తోంది.

"ఏం బ్రహ్మం, అవుతుందా? అవదంటే ఇప్పుడే చెప్పు. అబద్ధాలు చెప్పి నన్ను ముస్తాబు చేయించకు."

"అయితదమ్మా. గ్యాస్ కొడుతుండు. జెర సేపట్ల పోవుడే." అతను కదల్లేదు. "అమ్మా, ఒకటి చెప్పాలె. అది పాతబడి పోలేదు. నేనే పోగొట్టిన."

ఆమె అతనికేసి చూసింది. ఆ చూపు వేలమంది పిల్లల్ని చూసిన చూపు. చెప్పేదాకా కదలనివ్వదు. అతను సీలు సంగతి చెప్పాడు. ఎందుకు వెయ్యలేదో చెప్పవలసి వచ్చింది కాబట్టి, బేగంపేట పెళ్లి సంగతీ చెప్పాడు. ఇన్నేళ్లలో బాలమ్మకు కూడా చెప్పని మాట అది. తల దించుకుని, గచ్చు మీద గీతలు చూస్తూ చెప్పాడు.

"సారు ఎండల నిలవడ్డరమ్మా. నాకోసం."

మేబెల్ భుజాలు కదిలాయి. అతను తలెత్తి చూస్తే, నవ్వుతోంది.

"నీకోసమా? అయ్యో బ్రహ్మం! ఆ పెళ్లిలో ఈయన్ని స్టేజీ ఎక్కి పాట పాడమన్నారు. తప్పించుకుని బయటికి పారిపోయారు. నేను లోపలే ఉన్నాగా. నిన్ను లేపితే తలుపు చప్పుడుకు ఎక్కడ పట్టుకుంటారో అని దాక్కున్నారు. అదీ సంగతి."

ఊపిరి అందక ఆగింది. కాంతమణి నీళ్లగ్లాసు అందించింది. ఆ మాట నిజమో, తన మనసు తేలిక చేయడానికి టీచరమ్మ అప్పటికప్పుడు అల్లిందో, ఆమె ముఖం చూస్తే బ్రహ్మచారికి తెలియలేదు. పాల్ సారు పాడటం మాత్రం అతనూ ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడు నేను చెప్పేది విను" అంది ఆమె గ్లాసు పక్కన పెట్టి. "గ్యాసు ఎక్కించగానే అద్దాలన్నీ మూసి ఏసీ వెయ్యి. నేను వచ్చేసరికి బండి చల్లబడి ఉండాలి. నువ్వు అందులోనే కూర్చో. బయట నిలబడ్డావంటే నేను రాను."

"అట్లనే అమ్మా."

"అట్లనే అని తల ఊపడం కాదు. కూర్చో."

అతను బయటికి వచ్చేసరికి మోటారు ఆగిపోయి ఉంది. తిరుమల్ కాసేపు మీటర్ల ముళ్లకేసి చూసి, అవి కదలడం లేదని తృప్తిపడ్డాడు. పలిగిన సీలు గాలిని లోపలికి రానివ్వడం లేదు గానీ, ఒత్తిడి పెరిగితే గ్యాసును మెల్లగా బయటికి వదులుతుందని చెప్పాడు. ఇంజన్ నడుపుతూ గ్యాస్ వదలసాగాడు. బండ పైభాగం మీద మంచు పొడి మొలిచింది. ఒత్తిడి తగ్గకుండా ఆ బండను బకెట్లోని గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టాడు. ఇంజన్ లోపల ఎక్కడో టక్కుమని ఒక చప్పుడైంది. ఏసీ అందుకున్నప్పుడు వచ్చే ఆ చప్పుడును బ్రహ్మచారి గుర్తుపట్టాడు.

"చెయ్యి పెట్టు కాకా."

గాలి వచ్చే సందుల ముందు బ్రహ్మచారి అరచెయ్యి పెట్టాడు. మొదట వెచ్చగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా.

"ఇగ రోజు ఏసుకో. ఆపేటప్పుడు ముందుగాల ఏసీ బంద్ చెయ్, తర్వాత ఇంజన్. నీ పుణ్యమా అని బండి ఖరాబైతే మళ్ల నన్నే పిలుస్తవ్ గదా, నాకేం నష్టం!"

గొట్టాలు చుట్టి సంచిలో కుక్కుకుని, తిరుమల్ ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు.

బ్రహ్మచారి నాలుగు అద్దాలూ ఎక్కించాడు. తలుపు మూసుకోగానే వీధి చప్పుడు ఆగిపోయింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, బస్సు కోసం బెంచీ అంచున కూర్చునే మనిషిలాగా కొంచెం ముందుకు వంగి కూర్చున్నాడు. వీపు సీటుకు ఆనించడానికి మనసు ఒప్పలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. కాంతమణి టీచరమ్మ చేతిసంచీ, నీళ్ల సీసా సీట్లో పెట్టింది. వాటి పక్కన చెక్క చట్రం ఉన్న ఒక పలక పెట్టి, దాని మూలకు దారంతో కట్టిన బలపాన్ని సర్దింది.

"గిదేంది?"

"ఎలీసబెతమ్మకు వినిపించదు కదన్నా. రాసి చూపిస్తదంట. పొద్దుగాల బీరువా అంత వెతికించింది గిదాని కోసం. ముసలోళ్లిద్దరు ఇయ్యాల బడి పెట్టుకుంటరు సూడు." లోపలి గాలి మొహానికి తగిలి ఆమె కళ్లు మూసుకుంది. "అబ్బ! సల్లగుంది. అమ్మకు చీర కట్టి తీసుకొస్త. నువ్వు లేవకు, ఆమె కిటికిల నుంచి చూస్తది."

తలుపు పడింది. బ్రహ్మచారి కిటికీ వైపు చూశాడు. తెర వెనక ఎవరో కదిలారు. చూస్తుందేమోనని, వీపును నెమ్మదిగా సీటుకు ఆనించాడు. మెడమీద చెమట ఆరుతోంది. మోకాలు చాపుకునే చోటు ఉంది. కుడి చెయ్యి అలవాటుగా అద్దం మీదికి పోయి, మూసిన అద్దం తగిలి, ఒళ్లోకి వచ్చింది. కాసేపు కళ్లు తెరిచి ఉంచాలని ప్రయత్నించాడు.

అద్దం మీద చప్పుడుకు లేచాడు. కాంతమణి అరచేత్తో కొడుతోంది. ఆమె నోరు కదులుతోంది గానీ మాట వినపడటం లేదు. తలుపు తెరిచాడు.

"అన్నా, రా. అమ్మ పలుకుతలేదు."

మేబెల్ అదే పేము కుర్చీలో ఉంది. లేతనీలం చీర కుచ్చిళ్లు ఒకదాని మీద ఒకటి చక్కగా పడి ఉన్నాయి. మెడకు రాసిన పౌడరు ఇంకా చెమటకు కరగలేదు. ఒక పాదానికి చెప్పు తొడిగి, పట్టీ బిగించి ఉంది. రెండో పాదం స్టూలు మీద ఖాళీగా ఉంది. తల కొద్దిగా కిటికీ వైపు వాలింది.

"రెండో చెప్పు మంచం కింద ఉంటే వంగి తీసిన" అంది కాంతమణి. "లేచి చూస్తే గిట్ల. నవ్వుకుంట ఉండెనన్నా. 'నిద్రపోయాడు చూడు, లేపకు' అన్నది నీ గురించి. గదే ఆఖరు మాట."

బ్రహ్మచారి పీట కోసం చూడలేదు. మోకాలు వంచి గచ్చు మీద కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తన వేళ్లు ఏసీ గాలికి చల్లబడి ఉండటం వల్ల ఏదీ సరిగ్గా తెలియడం లేదనుకున్నాడు. చేతులు రుద్దుకుని మళ్లీ పట్టుకున్నాడు.

వీధి చివరి క్లినిక్ నుంచి డాక్టరు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. కాంతమణి పాస్టరుగారికి ఫోన్ చేసింది. టీచరమ్మ మేనకోడలు క్యారల్‌కు చేసింది. ఆమె సాయంత్రానికి వస్తానంది. పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అందరికీ చెప్పడం అయ్యాక, కాంతమణి ఫోన్ చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఎలీసబెతమ్మకు ఎట్ల చెప్పుడన్నా? అన్నం వండుకుని చూస్తుంటది. ఫోన్ చేస్తే వినిపించదాయె. రేపు రైలెక్కుతది."

బ్రహ్మచారి మేబెల్ పాదానికి ఉన్న చెప్పు పట్టీ విప్పి, దాన్ని రెండోదాని పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని లేచాడు.

"నేను పోతా" అన్నాడు. "పోయి పలక మీద రాసి చూపించి, వస్తనంటే తోల్కొస్త."

షెడ్డులో కారు ఇంకా నడుస్తూనే ఉంది. వెనక తలుపు తెరిస్తే చలి కాళ్ల మీదుగా జారింది. చేతిసంచీ, నీళ్ల సీసా తీసి కాంతమణికి అందించాడు. సంచీ ఇత్తడి కొక్కెం చల్లగా తగిలి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది. అతను ఆమె లోపలికి పోయేదాకా నిలబడి, జేబులోంచి కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకుని, తలుపు మూశాడు.

వెనక సీట్లో, టీచరమ్మ కూర్చోవలసిన వైపున, చెక్క చట్రం పలక ఉంది. ఇప్పుడే తడిగుడ్డతో తుడిచినట్టు నల్లగా, మీద ఒక్క అక్షరం కూడా లేకుండా. దారం కొసన బలపం గాలికి కొద్దికొద్దిగా కదులుతోంది.